మెదడు మడతలు – మనోవ్యాధి

పక్కన ఎవరూ లేకపోయినా కొందరికి తిడుతున్నట్లు మాటలు వినిపిస్తాయి. ఎవరో తమకు విషం పెడుతున్నారని గట్టిగా నమ్ముతారు. ఈ మనోవ్యాధి పేరు స్కిజోఫ్రీనియా. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఇది ఉంది. దయ్యం పట్టిందనీ, తల్లి పెంపకం మంచిది కాదనీ పూర్వం అనేవారు. మరి అసలు కారణం ఏమిటి?

1970 దశకంలో సి.టి. స్కానర్ వచ్చాక, పుర్రె తెరవకుండానే మెదడును చూడటం సాధ్యమైంది. 1976లో లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఈవ్ జాన్‌స్టన్ బృందం దానితో 17 మంది దీర్ఘకాల రోగులను పరీక్షించింది. మెదడు లోపల ద్రవంతో నిండిన గదులుంటాయి. అవి ఆరోగ్యవంతులలో కంటే ఈ రోగులలో పెద్దవిగా కనిపించాయి. అయితే ఈ తేడా జబ్బు వచ్చాక ఏర్పడిందా, ముందే ఉందా?

దీనికి ఒక ఆధారం మెదడు మడతల్లో దొరికింది. మెదడు పైభాగం అక్రోటు పప్పులా ముడతలు పడి ఉంటుంది కదా! ఈ ముడతలు చాలావరకు మనం పుట్టకముందే, తల్లి గర్భంలోనే ఏర్పడతాయి. నుదుటి వెనుక, మెదడు రెండు సగాలూ ఎదురెదురుగా ఉండే చోట ఒక గాడి ఉంది. స్కిజోఫ్రీనియా రోగులలో ఈ గాడి ఒక సెంటీమీటరు తగ్గితే, భ్రాంతులు కలిగే అవకాశం సుమారు 20 శాతం పెరుగుతున్నట్లు 2015లో కేంబ్రిడ్జి పరిశోధకులు గమనించారు. ఊహకూ వాస్తవానికీ తేడా పోల్చుకోవడానికి ఈ భాగం తోడ్పడుతుందని వారి భావన.

మరో ఆధారం కరవు చూపించింది. 1944-45 చలికాలంలో, యుద్ధం వల్ల నెదర్లాండ్స్‌లో తిండి దొరకలేదు. కరవు తీవ్రంగా ఉన్నప్పుడు గర్భంలో పడిన పిల్లలకు, పెద్దయ్యాక ఈ జబ్బు సుమారు రెండు రెట్లు ఎక్కువగా వచ్చింది.

పుట్టకముందే తేడా ఉంటే జబ్బు యౌవనంలో ఎందుకు బయటపడుతుంది? తోటమాలి కొమ్మలు కత్తిరించినట్లు, మీ వయసులో మెదడు అక్కరలేని నాడీ సంధులను తొలగించుకుంటుంది. ఈ కత్తిరింపు మితిమీరితే జబ్బు తలెత్తవచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఒక్క సంగతి మరువకండి. ఆ కరవు పిల్లల్లో అత్యధికులకు జబ్బు రానే లేదు. గాడి పొట్టిగా ఉన్నవారందరూ రోగులు కారు. వంశపారంపర్య లక్షణాలు, మాదకద్రవ్యాలు, తీవ్రమైన ఒత్తిడి వంటివి కూడా తోడు కావచ్చు. అందుకే స్కాన్ ఒక్కటే చూసి ఈ జబ్బును నిర్ణయించలేరు.

కనుక ఇది దయ్యం పని కాదు, తల్లి తప్పూ కాదు. మందులతో, ఆదరణతో ఎందరో కోలుకుంటున్నారు. చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. మీకు గానీ మీ స్నేహితునికి గానీ లేని మాటలు వినిపిస్తుంటే నవ్వులాటగా తీసుకోకండి. పెద్దలకు చెప్పండి, వైద్యుని వద్దకు వెళ్ళండి. 14416 నంబరుకు ఫోన్ చేసినా ఉచితంగా సలహా ఇస్తారు.