పిల్లి బొమ్మలతో స్తంభించిన సంభాషణ
కార్యాలయ సాఫ్ట్‌వేర్‌లో ‘సేవా నిరాకరణ’ లోపం.. చోరీ లేకున్నా పనులకు విఘాతం

కంప్యూటర్‌కు ముప్పు అనగానే వైరస్‌లు, పాస్‌వర్డ్‌ల చోరీ గుర్తుకొస్తాయి. దేనినీ అపహరించకుండానే పనిని నిలిపివేసే దాడులూ ఉన్నాయి. వీటిని సేవా నిరాకరణ దాడులంటారు. ఉద్యోగుల పరస్పర సంభాషణలకు, సమావేశాలకు సంస్థలు వినియోగించిన ‘స్కైప్ ఫర్ బిజినెస్’లో 2018లో బయటపడిన లోపమే ఇందుకు ఉదాహరణ. ముద్దులొలికే పిల్లిపిల్ల బొమ్మలే అక్కడ ఆయుధాలయ్యాయి.

లోపం ఎక్కడ?
సందేశాల్లో నవ్వు, కోపం వంటి భావాలను తెలిపే చిన్న బొమ్మలే ఎమోజీలు. కదిలే బొమ్మను చూపాలంటే కంప్యూటర్ దానిని తెరపై పదేపదే గీయాలి. ఒకటి రెండైతే భారం కాదు. వందల సంఖ్యలో ఒక్కసారిగా వచ్చి పడితే మిగతా పనులకు తీరిక ఉండదు. ఆస్ట్రియా రాజధాని వియన్నాకు చెందిన సెక్ కన్సల్ట్ సంస్థ నిపుణులు దీనిని పరీక్షించారు. ఒకేసారి సుమారు 800 పిల్లి బొమ్మలు అందుకున్న ప్రోగ్రాం కొన్ని సెకన్లపాటు స్తంభించింది. బొమ్మలు ఆగకుండా వస్తూ ఉంటే దాడి ముగిసే వరకు దానిని వాడుకోవడం సాధ్యం కాదని వారు తేల్చారు.

బ్యాంకు కౌంటరులో ఒక్కరే వందల చలానాలు గుట్టగా పోస్తే వరుసలోని వారందరి పని ఆగిపోతుంది. గల్లాపెట్టె భద్రంగానే ఉంటుంది. ఖాతాదారులకు మాత్రం సేవ అందదు. ఇక్కడ జరిగిందీ అదే.

నష్టం ఏమిటి?
ఈ లోపం ఆధారంగా ఎదుటి కంప్యూటర్‌లో సొంత ప్రోగ్రాంలు నడపడం, అదనపు అధికారాలు పొందడం సాధ్యం కాదని మైక్రోసాఫ్ట్ స్పష్టం చేసింది. అంతమాత్రాన తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. అత్యవసర సమావేశం నడుస్తున్న వేళ సంభాషణ నిలిచిపోతే నిర్ణయాలు ఆలస్యమవుతాయి. సమాచారం గోప్యంగా ఉండటం, తారుమారు కాకపోవడం ఎంత ముఖ్యమో, అవసరమైన సమయానికి అందుబాటులో ఉండటమూ అంతే ముఖ్యం. ఈ మూడూ కలిస్తేనే భద్రత.

పరిష్కారం ఇలా..
ఈ లోపానికి సీవీఈ-2018-8546 అనే సంఖ్య కేటాయించారు. మైక్రోసాఫ్ట్ 2018 నవంబరులో దీనిని సరిదిద్దే అప్‌డేట్ విడుదల చేసింది. స్కైప్ ఫర్ బిజినెస్ 2016తోపాటు దాని పూర్వరూపమైన లింక్ 2013కూ ఇది వర్తించింది. సందేశాల్లో ఎమోజీలు కనిపించకుండా సెట్టింగ్‌లలో మార్చుకునే వీలూ ఉంది. స్కైప్ ఫర్ బిజినెస్ ఆన్‌లైన్ సేవ 2021 జులైలో ముగిసింది. దాని స్థానాన్ని టీమ్స్ ఆక్రమించింది.

సాఫ్ట్‌వేర్ మారినా పాఠం మారలేదు. బయటి నుంచి వచ్చే ప్రతిదానికీ పరిమితి విధించడం రూపకర్తల బాధ్యత. అప్‌డేట్‌లను వాయిదా వేయకుండా అమర్చుకోవడం సంస్థల బాధ్యత. ఏ ఒక్కటి కొరవడినా ఆటబొమ్మ సైతం కార్యాలయాన్ని ఆపగలదు.