అట్టకూ ప్రూఫు చూడాలి



పుస్తకం లోపలి పేజీలను రెండు మూడుసార్లు దిద్దుతారు. అట్టను మాత్రం బొమ్మ బాగుందా అని చూసి వదిలేస్తారు. మన కావేరిపట్టణం వైపు తెలుగు పుస్తకాన్ని తమిళం మాత్రమే తెలిసిన ప్రెస్సులో వేయించవలసి వస్తే, అక్కడివారికి ‘కథ’కూ ‘కధ’కూ తేడా తెలియదు. చూడవలసింది మనమే.

నేను పాటించే పద్ధతి ఇది:

1. అట్టను అసలు సైజులో కాగితంపై తీయించి చూడాలి.

2. పేరును చివరి అక్షరం నుంచి వెనక్కి చదవాలి. ఫాంటు మారితే ఒత్తులు జారిపోతాయి.

3. ముందట్ట, వెన్ను, వెనకట్ట, టైటిల్ పేజీలలో పేర్లు ఒకేలా ఉండాలి.

4. ఐ.ఎస్.బి.ఎన్. 2007 నుంచి 13 అంకెలు. బార్‌కోడు కింది అంకెలతో సరిచూడాలి.

5. 200 పేజీలంటే 100 కాగితాలు. కాగితం మందం 0.1 మి.మీ. అయితే వెన్ను 10 మి.మీ. ఉండాలి. అంచుల కత్తిరింపుకు 3 మి.మీ. అదనంగా వదలాలి.

తమిళనాడులో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చాక బడిలో తెలుగు చదివే మన పిల్లలు తగ్గారు. అట్టమీది తప్పునే వారు ఒప్పనుకుంటారు. కనుక తల్లిదండ్రులకు మనవి: ఇంట్లో తెలుగు బాగా వచ్చిన పెద్దలచేత చదివించిన తర్వాతే అచ్చుకు సంతకం పెట్టండి.