సిపాయి తయారీ అంగన్‌వాడీలోనే మొదలు

సైన్యంలో ఉన్న రోజుల్లో కొంతకాలం నియామక ర్యాలీల బాధ్యత చూశాను. ఉత్తరాంధ్రలో జరిగిన ఒక ర్యాలీ ఇప్పటికీ గుర్తుంది. తెల్లవారకముందే మైదానం బయట కుర్రాళ్లు బారులు తీరారు. వారిలో ఒకడు 1.6 కిలోమీటర్ల పరుగును తన జట్టులో అందరికంటే ముందు పూర్తిచేశాడు. మధ్యాహ్నం వైద్య పరీక్షలో అతన్ని వెనక్కి పంపాల్సి వచ్చింది. నిటారుగా నిలబెడితే మోకాళ్లు రెండూ ఒరుసుకుంటున్నాయి. ‘సార్, రెండేళ్లుగా రోజూ మూడింటికే లేచి పరిగెత్తుతున్నాను’ అన్నాడు. చిన్నతనంలో ఎముకలకు సరైన పోషణ అందకపోయి ఉండవచ్చని వైద్యాధికారి చెప్పారు. రెండేళ్ల కష్టం ఆ లోటును పూడ్చలేకపోయింది.

రక్షణ రంగం అనగానే మనం యుద్ధ విమానాలు, క్షిపణుల గురించి మాట్లాడుకుంటాం. వాటిని నడిపే మనిషి ఎలా తయారవుతున్నాడన్న చర్చ తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గ్రామీణ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు ఐదుగురిలో ఒక్కరేనని 2022 ‘అసర్’ నివేదిక తేల్చింది.

ప్రపంచ బ్యాంకు 2020 మానవ మూలధన సూచీలో భారత్ స్కోరు 0.49. అంటే పూర్తి ఆరోగ్యం, పూర్తి చదువు అందితే ఒక బిడ్డ పెద్దయ్యాక ఎంత ఉత్పాదకత చూపగలడో, అందులో సగం కూడా మన బిడ్డకు దక్కదని అర్థం. బంగ్లాదేశ్ (0.46), పాకిస్థాన్ (0.41) మనకన్నా వెనకే ఉన్నాయని సంతోషించడం తేలిక. కానీ శ్రీలంక 0.60 వద్ద, వాస్తవాధీన రేఖకు అవతల ఉన్న చైనా 0.65 వద్ద ఉన్నాయి. మనం పోల్చుకోవాల్సింది వీటితోనే.

నేటి జవాను డ్రోన్‌ను ఎగరేయాలి, రాడార్ తెరను చదవాలి, పాడైన పరికరాన్ని కొండ మీదే బాగుచేసుకోవాలి. శిక్షణ కేంద్రం కొన్ని నెలల్లో క్రమశిక్షణ నేర్పగలదు, గురి నేర్పగలదు. మొదటి వెయ్యి రోజుల్లో అందని పోషణను, ప్రాథమిక బడిలో రాని లెక్కలను అది తెచ్చివ్వలేదు. రక్షణ శాఖ చేతికి పదిహేడున్నరేళ్ల యువకుడు వచ్చేసరికే పునాది పడిపోయి ఉంటుంది. ఆ పునాది వేసేది స్త్రీ శిశు సంక్షేమ, ఆరోగ్య, విద్యా శాఖలు.

సైన్యం నుంచి బయటికి వెళ్లేవారి విషయంలోనూ ఇదే ప్రశ్న. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ ప్రకారం నాలుగేళ్ల తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారు. మిగిలినవారి చేతికి సుమారు రూ.11.71 లక్షల సేవానిధి వస్తుంది. డబ్బు కంటే విలువైనది వారు నేర్చుకున్న పని. మోటారు మెకానిక్, సిగ్నల్ ఆపరేటర్‌గా చేసిన అనుభవాన్ని పరిశ్రమలు పేచీ లేకుండా అంగీకరించే ధ్రువపత్రంగా మార్చాలి. లేకపోతే దేశం ఖర్చుపెట్టి ఇచ్చిన శిక్షణ కాపలా ఉద్యోగంతో ముగుస్తుంది.

విద్యపై జాతీయాదాయంలో 6 శాతం ఖర్చు చేయాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం మళ్లీ అదే చెప్పింది. మధ్యలో 54 ఏళ్లు గడిచాయి, లక్ష్యం ఇంకా అందలేదు. పోషణ, ప్రాథమిక విద్యలకు కేటాయింపులను సంక్షేమ వ్యయంగా కాక జాతీయ భద్రత వ్యయంగా చూడాలి. జిల్లాలవారీగా నియామక ర్యాలీల్లో అభ్యర్థులు ఏ కారణంతో తిరస్కరణకు గురవుతున్నారో, పేర్లు లేకుండా, ఆరోగ్య, విద్యా శాఖలకు ఏటా అందించాలి. దీనికి పెద్దగా ఖర్చు కూడా కాదు.

ఆ కుర్రాడికి నేను ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఈరోజు అంగన్‌వాడీకి వెళుతున్న రెండేళ్ల బిడ్డ మరో పదహారేళ్లలో అదే మైదానానికి రావచ్చు. ఆ బిడ్డ విషయంలో మాత్రం ఇంకా సమయం ఉంది.