క్షయకు అడ్డసరం చాలదు

పొలం గట్టున, దొడ్డి చుట్టూ పెరిగే అడ్డసరం పొదను ఎరుగని రైతు అరుదు. తొలకరిలో కొమ్మ విరిచి గుచ్చితే చాలు, బతుకుతుంది. మనిషి ఎత్తును మించి పెరుగుతుంది. ఆకు చేదుకు, వాసనకు మేక కూడా మూతి పెట్టదు. అందుకే దీన్ని కంచెగా నాటుకుంటారు.

హిమాలయాల దిగువ కొండల్లో 1,300 మీటర్ల ఎత్తు వరకు ఈ మొక్క విరివిగా పెరుగుతుంది. హిందీవారు అడూసా అంటారు. తెల్లని పువ్వు లోపల ఊదారంగు చారలుంటాయి. నోరు తెరచిన సింహంలా కనబడుతుంది గనుక సంస్కృతంలో దీనికి సింహాస్యమని పేరు. ఆయుర్వేద వైద్యులు వాస అంటారు.

ఆకును వెచ్చచేసి పిండిన రసంలో తేనె కలిపి దగ్గుకు ఇవ్వడం పాత అలవాటు. ఇందులో నిజం లేకపోలేదు. 1888లో డేవిడ్ హూపర్ ఈ ఆకు నుంచి వాసిసిన్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. దాని ఆధారంగానే 1960 దశకంలో బ్రోమ్‌హెక్సిన్ మందు వచ్చింది. తెమడను పలుచబరిచే ఈ మందు నేడు అనేక దగ్గు సిరప్‌లలో ఉంది.

చిక్కల్లా క్షయతోనే. క్షయకు కూడా వాసే మందని పూర్వం నమ్మేవారు. ఆకు రసంతో దగ్గు కొంత నెమ్మదించవచ్చు గాని ఊపిరితిత్తుల్లోని క్షయ క్రిములు చావవు. రోగి తగ్గిందనుకుని కాలయాపన చేస్తే ఆ దగ్గు ఇంట్లో పసివాళ్లకూ అంటుకుంటుంది.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, చిక్కిపోవడం, తెమడలో నెత్తురు జీర కనిపిస్తే వెంటనే తెమడ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. సాధారణ క్షయ ఆరు నెలల మందులతో నయమవుతుంది. మధ్యలో మానితే రోగం మందులకు లొంగకుండా పోయే ప్రమాదముంది. రోగి తిండి ఖర్చుకు 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చిన ప్రభుత్వం, 2024 నవంబరు నుంచి దానిని 1,000 రూపాయలు చేసింది.

గర్భిణులు అడ్డసరం రసం తాగరాదు. వాసిసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది.

కంచెకైనా, జలుబు దగ్గుకైనా అడ్డసరం దొడ్డిలో ఉండవలసిన మొక్కే. అయితే దగ్గు పక్షం రోజులు దాటితే ఆసుపత్రిలో చూపించుకోవడమే ఇంటిల్లిపాదికీ క్షేమం.