రోహిణి కార్తెలో వాన కురిసే ఊరు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట ఆంధ్రదేశంలో పుట్టి పెరిగిన వారెవరికీ కొత్తది కాదు. మే 25 ప్రాంతంలో ప్రవేశించి జూన్ మొదటి వారం వరకు సాగే ఆ కార్తె ఎండకు పెట్టింది పేరు. అయితే అదే రోహిణి కార్తెలో గొడుగు లేనిదే గడప దాటలేని తెలుగువారు కూడా వేల సంఖ్యలో ఉన్నారు. వారి నివాసం పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ నగరానికి శ్రీ విజయపురమని పేరు పెట్టినది. పాఠకులకు చిరపరిచితమైన పాత పేరునే ఈ వ్యాసంలో వాడడమైనది.

ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులమైన మనకు బదిలీ సహజమైన విషయం. సామాను, పిల్లల టి.సి.లు, గ్యాస్ కనెక్షను కాగితాలు అన్నీ వెంట తీసుకొని పోతాము. ఋతువును మాత్రం తీసుకొని పోలేము. ఒక నేలపై తరతరాల అనుభవంతో కూడిన ఋతుజ్ఞానం మరొక నేలపై ఎంతవరకు పనికివస్తుంది? కొత్త నేల తన ఋతువులను ఏ భాషలో చెప్పుతుంది? ఈ ప్రశ్నలకు పోర్ట్ బ్లెయిర్ కంటె మంచి పాఠశాల మరొకటి లేదనవచ్చును.

వెంట వచ్చిన పంచాంగం

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనసంఖ్య 3,80,581. అందులో ప్రతి నూరుమందికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి చేపల వేటకు, కట్టడపు పనులకు, కొలువులకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో అనేకం. వారు ఓడలో తెచ్చుకొన్న సామానులో కంటికి కనిపించనిది ఒకటున్నది. అదే కార్తెల పంచాంగం.

సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో నిలిచే పదమూడు, పద్నాలుగు రోజుల కాలమే కార్తె. సంవత్సరానికి ఇరవై ఏడు కార్తెలు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క సామెత. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్నారు. చిత్త కురిస్తే చింతలు కాస్తాయన్నారు. అక్షరం రాని రైతుకు సైతం ఈ సామెతలే వాతావరణ శాస్త్రం. 1868లో కార్ అనే ఆంగ్లేయ సైనికాధికారి ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ పేరున తెలుగు సామెతలను సంపుటీకరించినాడు. తరువాతి కాలంలో నేదునూరి గంగాధరం వంటి సేకర్తలు పల్లెపల్లె తిరిగి పాటలను, సామెతలను గ్రంథస్థం చేసినారు.

పోర్ట్ బ్లెయిర్‌లో ఈ లెక్క కొంత తప్పుతుంది. నైరుతి ఋతుపవనం భారతదేశంలో తొలి అడుగు మోపేది ఈ దీవుల పైననే. మే మూడవ వారం అటూ ఇటూగా, అనగా రోహిణి ప్రవేశించకముందే, ఇక్కడ వాన మొదలవుతుంది. ఆంధ్రతీరానికి ఆ వాన చేరేది సాధారణంగా మృగశిర ప్రాంతంలో. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడే ఈ దీవిలో రోలు పగిలే ఎండ మే చివరలో ఉండదు. ఉక్కపోత, నీటి ఎద్దడి ఉండేవి అంతకు ముందటి నెలలలో. నగరానికి నీరిచ్చే ధనిఖాడీ జలాశయం మట్టం దిగిపోతూ ఉన్నప్పుడు ఇక్కడి గృహిణి ఎదురుచూపు ఆరుద్ర కొరకు కాదు, మే మాసపు తొలి మేఘం కొరకు.

గడియారం కూడా ఇంతే. మన దేశపు ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడ సమీపంగా పోతుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలకు పైగా తూర్పున ఉన్నది. కాబట్టి అదే గడియారం పెట్టుకొన్నా ఇక్కడ మధ్యాహ్నం కాకినాడ కంటె సుమారు 41 నిమిషాలు ముందుగా వస్తుంది. కొత్తగా వచ్చిన ఉద్యోగికి సాయంకాలం ఆఫీసు విడిచే వేళకే చీకటి పడుట వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఒకే తుఫాను, రెండు తీరాలు

అట్లని రెండు నేలలకు సంబంధం లేదనుకొనరాదు. అండమాన్ సమీపంలో అల్పపీడనం ఏర్పడినదన్న రేడియో వార్త విన్నంతనే చేరవేసుకోవలసిన వరికుప్పలను తలచుకొనే రైతులు మన కోస్తాలో ఎందరో. 2014 అక్టోబరు 8న హుద్‌హుద్ తుఫాను అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ సమీపంగా దీవులను దాటినది. నాలుగు రోజులకు, అక్టోబరు 12న, విశాఖపట్నాన్ని తాకినది. బిడ్డలు ఒక తీరాన, తల్లిదండ్రులు మరొక తీరాన ఉన్న కుటుంబాలకు అది రెండుసార్లు వచ్చిన తుఫాను.

ఈ ఈశాన్యపు గాలిని దీవుల ఆదివాసులు ఏనాడో గుర్తించి దానికొక పేరు పెట్టుకొన్నారు. గ్రేట్ అండమానీయుల గాథలలో ఈశాన్య దిక్కున ఉండే శక్తి బిలికు. నైరుతి దిక్కున ఉండేది తరాయ్. ఏడాదిని ఈ ఇద్దరూ పంచుకొంటారు. బిలికుకు ఆగ్రహం కలిగితే తుఫాను వస్తుంది. ఆ ఆగ్రహానికి కారణాలు మూడు: తేనెమైనాన్ని కరిగించడం లేక కాల్చడం, ఉదయ సాయంసంధ్యలలో చెట్లపై సికాడా కీచురాయి పాడుతూండగా చప్పుడు చేయడం లేక దానిని చంపడం, త్రవ్వకూడని కాలంలో కొన్ని దుంపలను త్రవ్వడం. 1906–08 సంవత్సరాలలో ఈ దీవులలో పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922లో ప్రచురించిన గ్రంథంలో వీటిని వివరంగా నమోదు చేసినాడు.

మూఢనమ్మకమని తోసివేయడం తేలిక. కాని ఆ నియమాలను పాటించాలంటే ముందుగా ఏ దుంప ఎప్పుడు ఎదుగుతుందో, ఏ పురుగు ఏ వేళ పాడుతుందో, ఏ గాలి ఏ నెలలో తిరుగుతుందో పసివారికి సైతం తెలిసి ఉండాలి. భయం రూపంలో నేర్పిన ఋతుశిక్షణ అది. మన కార్తె సామెతలు చేసిన పనియే వారి గాథలూ చేసినవి.

పరిమళాల పంచాంగం

అంతకంటె మనోహరమైన విషయం మరొకటున్నది. అడవిలో తీగలు, చెట్లు ఒకదాని తరువాత ఒకటిగా పూస్తాయి. ఏ పూవు వాసన గాలిలో తేలుతున్నదో దానినిబట్టి అండమానీయులు కాలవిభాగం చేసుకొనేవారు. వారి పంచాంగం పరిమళాల పంచాంగమని రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అభివర్ణించినాడు. ఆకాశంలో నక్షత్రాన్ని చూసి మనం చెప్పిన మాటను, దట్టమైన అడవిలో ఆకాశం సరిగా కనిపించని చోట వారు ఊపిరితో చెప్పినారు.

ఇది మనకు పూర్తిగా అపరిచితం కాదు. మామిడి పిందె, వేపపూత లేని ఉగాది లేదు. వానలు వెనుకబట్టే వేళ తంగేడు, గునుగు పూచినప్పుడే తెలంగాణలో బతుకమ్మ. ఆ పూలు పూయని చోట పండుగ ఎట్లా జరుపుకోవాలన్నది ప్రవాసంలో ఉన్న ప్రతి కుటుంబానికీ ఎదురయ్యే ప్రశ్న. తంగేడు మెట్టనేలల మొక్క. సముద్రం నడుమ వానల దీవిలో దానికై వెదకుట కంటె ఆ నెలలో ఇక్కడ ఏమి పూస్తున్నదో చూసి పేర్చుకొనుట బతుకమ్మ స్వభావానికే దగ్గరగా ఉంటుంది.

పనిలో పుట్టిన పాట

జానపద గేయాలలో శ్రమగేయాలది పెద్దపీట. నాట్లు వేసే స్త్రీలు, వల లాగే జాలరులు ఒకరు పాడగా తక్కినవారు అందుకొంటారు. పాట లయ పని లయయే. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లవారు రొమ్ముపై రేకు తప్పెటలు కట్టుకొని వాయిస్తూ వలయంగా తిరుగుతూ ఆడతారు. వాన రాని సంవత్సరాలలో కప్పను రోకలికి కట్టి వేపమండలతో ఇంటింటికి త్రిప్పి నీళ్లు పోయించుకొనే ఆచారానికీ పాట తోడు.

అండమానీయుల పాట కూడా పనిలోనే పుట్టేది. పడవ చెక్కేటప్పుడో, విల్లు చేసేటప్పుడో, తెడ్డు వేసేటప్పుడో మనిషి తనలో తాను పాట కట్టుకొనేవాడు. తృప్తి కలిగేవరకు సన్నగా పాడుకొని, నాట్యం జరిగే రాత్రి అందరి ఎదుట పాడేవాడు. డాలు ఆకారంలో చెక్కిన పలకను పాదంతో తట్టి తాళం వేసేవారు. స్త్రీలు వంతపాడేవారు. ఎవరి పాట వారిదే. ఒకరు కట్టిన పాటను మరొకరు నాట్యవేళ పాడరు. మన పాటకు కర్త పేరు తెలియదు, వారి పాటకు కర్త తప్ప మరొక గాయకుడు లేడు. భేదం ఇంతే. రెండింటికీ తల్లి శ్రమయే.

మౌనం వహించిన అడవి

1858లో బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలసను నెలకొల్పినది. పిమ్మట అంటువ్యాధులు, సంఘర్షణలు ఆదివాసులను కబళించినవి. 1901 జనాభా లెక్కలలో గ్రేట్ అండమానీయులు 625 మంది. 1961 నాటికి వారు 19 మంది మాత్రమే. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు కన్నుమూయగా అకా-బో భాష మాట్లాడే వారెవరూ మిగలలేదు. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి ఆమె మాటలను, పాటలను ముందుగానే ధ్వనిముద్రణ చేసి ఉంచినారు. 2012లో గ్రేట్ అండమానీయ భాషకు నిఘంటువు కూడా వెలువరించినారు.

అడవిలో పూవులు ఈనాటికీ పూస్తూనే ఉన్నవి. వాటిని వరుసగా పిలిచి కాలాన్ని చెప్పగల నోరు కరవైనది. ఋతువు నశించదు, ఋతువును చదివే భాషయే నశిస్తుంది. అది ఒక జాతికి జరిగినంత వేగంగా కాకపోయినా, కార్తెల పేర్లు వరుసగా చెప్పలేని పిల్లలు మన ఇండ్లలో పెరుగుతున్నారన్నది విస్మరించరాదు.

మనం చేయదగినది

ఆదివాసుల నివాసాలకు వినోదయాత్రగా పోవుట న్యాయం కాదు, చట్టసమ్మతమూ కాదు. వారిని గూర్చి తెలుసుకొనుటకు పోర్ట్ బ్లెయిర్‌లోని మానవశాస్త్ర ప్రదర్శనశాల, గ్రంథాలు ఉన్నవి. ప్రకృతి మాత్రం అందరి ఎదుట తెరచిన పుస్తకమే. జనవరి ప్రాంతంలో దిగ్లీపూర్ వద్ద కాలీపూర్ ఇసుకపై గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు విశాఖ తీరానికీ చుట్టమే. 2004 సునామీ వేళ నేల క్రుంగి ఉప్పునీరు నిలిచిన సిప్పీఘాట్ చిత్తడి నేలలలో శీతకాలానికి వలసపక్షులు దిగుతాయి. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యాంత్రిక పడవలకు వేట నిషేధం. సముద్రం విశ్రాంతి తీసుకొనే కార్తెలవి.

ప్రతి కుటుంబం ఒక చిన్న పుస్తకం పెట్టుకొనవచ్చును. ఎడమ పుటలో కార్తె పేరు, అవ్వ చెప్పిన సామెత. కుడి పుటలో ఆ రోజులలో ఈ ఊరిలో పూచిన పూవు, వచ్చిన పక్షి, తిరిగిన గాలి. రెండు మూడేళ్లకు అది ఆ ఇంటి పంచాంగమవుతుంది. ఉగాది సమావేశంలో సినిమా పాటల నడుమ ఇరవై నిమిషాలు పెద్దవారి నాట్ల పాటలకు, వల పాటలకు కేటాయించి, పిల్లల చేతనే ధ్వనిముద్రణ చేయించవచ్చును. ఇందుకు నిధులు, మంజూరులు అవసరం లేదు.

బదిలీ ఉత్తరువులో చేరవలసిన తేదీ మాత్రమే ఉంటుంది. అక్కడ తొలివాన ఏనాడు కురుస్తుందో, ఏ చెట్టు ముందుగా పూస్తుందో మనమే అడిగి తెలుసుకోవాలి. రోహిణిలో రోళ్లు పగులుతాయన్న అవ్వ మాట, రోహిణి రాకమునుపే పోర్ట్ బ్లెయిర్‌లో కురిసే వాన రెండూ నిజాలే. రెండింటినీ నేర్చిన బిడ్డకు ఏ ఊరూ పరాయిది కాదు.