కొండకొచ్చే బృందానికి ఇల్లు బాడుగకివ్వండి, పొలం మాత్రం వద్దు

టమోటా నమ్ముకున్న రైతుకు ధర ఎప్పుడు ఎక్కుతుందో, ఎప్పుడు దిగుతుందో తెలియదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద రూపాయలు దాటింది. అదే ఏడాది సెప్టెంబరు వచ్చేసరికి పది రూపాయల దరిదాపులకు పడిపోయింది. ముందు నాటినవాడు అప్పు తీర్చుకుంటే, రెండు నెలలు వెనకబడినవాడికి కోత కూలి కూడా గిట్టదు. రెండెకరాల రైతు ఇలాంటి దెబ్బ ఒకటి తట్టుకోగలడు, వరసగా రెండు తట్టుకోలేడు.

అందుకే మన వైపు రైతులు పాడి పెట్టుకున్నారు, పట్టుపురుగులు పెంచుతున్నారు. వీటి పక్కన చేర్చదగ్గ రాబడి మరొకటి ఉంది. సెలవులకు కొండ చూడడానికి వచ్చే బృందాలకు, మీ దగ్గర ఖాళీగా ఉన్న ఇంటిని రెండు మూడు రోజులు బాడుగకివ్వడం. ఇందులో లాభం ఎంత, చిక్కులు ఎక్కడ, చూద్దాం.

కొండకు ఎవరొస్తారు?

హార్సిలీ హిల్స్ మీకు తెలియంది కాదు. పెద్దలు ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. కడప కలెక్టరుగా పనిచేసిన హార్సిలీ దొర 1860-70 మధ్య ఎండాకాలం విడిదికి ఇక్కడ బంగళా కట్టుకున్నాడు, ఆయన పేరే కొండకు నిలిచిపోయింది. ఎత్తు నాలుగు వేల అడుగుల పైచిలుకు. పైన చల్లగాలి, యూకలిప్టస్ చెట్లు, గంగోత్రి చెరువు. మదనపల్లె నుంచి ముప్పై కిలోమీటర్లు, బెంగుళూరు నుంచి సుమారు నూట యాభై. శనివారం పొద్దున బయల్దేరినవాళ్లు మధ్యాహ్నం భోజనం వేళకు ఇక్కడుంటారు.

కొండ మీద పర్యాటక సంస్థ గదులు, అటవీ శాఖ విడిది ఉన్నాయి. కానీ ఇద్దరు ముగ్గురికి గది సరిపోతుంది. అన్నదమ్ముల కుటుంబాలు మూడు కలిసి వచ్చినా, ఆఫీసు మిత్రులు పన్నెండు మంది వచ్చినా అందరూ ఒక్కచోట కూర్చుని మాట్లాడుకోవడానికి వసారా కావాలి, వంట చేసుకోవడానికి పొయ్యి కావాలి, పిల్లలు ఆడుకోవడానికి వాకిలి కావాలి. ఇవన్నీ ఉండేది ఇంట్లోనే. బి.కొత్తకోట, కురబలకోట, అంగళ్లు వైపు కొండ కింది పల్లెల్లో పెద్దలు కట్టిన మిద్దెలు, పెంకుటిళ్లు తాళాలేసి ఉన్న చోట ఈ అవకాశం ఉంది. పొద్దున కొండెక్కి చెరువు చూసి, రాత్రికి మీ ఇంటికి దిగి వస్తారు.

ముందు లెక్క చూసుకోండి

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. మీ ఊరి రేట్లు వేసి మీరూ వేసుకోండి.

పది మంది రెండు రాత్రులు ఉంటారనుకుందాం. ఇంటి బాడుగ రాత్రికి 4,000 చొప్పున 8,000. భోజనం మీరే పెడితే మనిషికి రోజుకు 400 చొప్పున మరో 8,000. మొత్తం 16,000. ఇందులో సరుకులు, గ్యాసు 4,500, దుప్పట్లు ఉతకడం, ఇల్లు కడగడం 800, కరెంటు, నీళ్లు 500, సాయానికి వచ్చిన మనిషి కూలి 1,000. ఖర్చు 6,800 పోగా మిగిలేది 9,200.

ఏడాదికి ఇలాంటి బృందాలు పన్నెండు వస్తే 1,10,400. నాలుగే వస్తే 36,800.

ఇప్పుడు పెట్టుబడి. రెండు మరుగుదొడ్లు, పైన నీళ్ల ట్యాంకు, పరుపులు, వేన్నీళ్లకు గీజరు, సున్నం అన్నీ కలిపి లక్షన్నర అయిందనుకోండి. ఆ లక్షన్నర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు మూడు వేలు, ఏడాదికి 36,000 వడ్డీ. నాలుగు బృందాలకు మీ ఇంటిల్లిపాదీ చేసిన చాకిరీ మొత్తం వడ్డీ వ్యాపారికే పోతుంది!

కాబట్టి మొదటి సూత్రం, ఉన్న ఇంటితోనే మొదలుపెట్టండి. కొత్త కాటేజీ కట్టకండి. మొదటి ఏడాది ఒక మంచి మరుగుదొడ్డి, శుభ్రమైన పరుపులు చాలు. వచ్చిన రాబడితో రెండో ఏడాది మరొకటి కట్టుకోవచ్చు.

ఆ 9,200 లో మరో మాట ఉంది. పది మందికి మూడు పూటలా వండేది ఎవరు? మీ ఇంటావిడే. పొలం పని, పాల పని చేసి మళ్లీ ఈ పని. భోజనం మీద మిగిలిన డబ్బు ఆమె ఖాతాలో వేయండి. ఆమెకు ఇష్టం లేకపోతే వంట ఊసెత్తకుండా ఇల్లు మాత్రమే బాడుగకివ్వండి. ఊళ్లోని మహిళా సంఘానికి వంట అప్పగించినా మంచిదే.

వచ్చినవాళ్లు ఏం అడుగుతారు?

ఫోను చేయగానే అడిగేవి ఆరు. ఎంతమంది పడుకోవచ్చు? మరుగుదొడ్లు ఎన్ని? వేన్నీళ్లు ఉంటాయా? వంటకు గ్యాసు, గిన్నెలు ఉన్నాయా? కారు వాకిలి దాకా వస్తుందా? చెరువు ఎంత దూరం? వీటికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎనిమిది మందికి చోటుంటే ఎనిమిదే అనండి. పన్నెండని చెప్పి నలుగురిని చాప మీద పడుకోబెడితే ఆ బృందం మళ్లీ రాదు, ఇంకొకరికి చెప్పదు.

తిండి విషయంలో హోటలును చూసి వాతలు పెట్టుకోవద్దు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల ఊరిబిండి, అలసంద వడలు – వీటి కోసమే పట్నం మనిషి పల్లెకొస్తాడు. పోయేటప్పుడు చెనక్కాయలు, రాగిపిండి, చింతపండు, బెల్లం కొనుక్కుపోతాడు. మండీ ధరకు కాదు, అంగడి ధరకు.

నీళ్లు, కరెంటు, పురుగు మందు

మనిషికి రోజుకు వంద నుంచి నూట యాభై లీటర్లు వేసుకోండి. పది మంది రెండు రోజులుంటే రెండు, మూడు వేల లీటర్లు. బృందాలు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. బోర్లు ఎండేదీ అప్పుడే. చెట్టుకు పెట్టాల్సిన తడి ఆపి చుట్టానికి నీళ్లిచ్చే పరిస్థితి ఉంటే ఆ నెల ఇల్లు ఇవ్వకండి.

మోటారుకు వచ్చే ఉచిత కరెంటు సేద్యానికే. ఆ తీగ నుంచి బాడుగ ఇంటికి లైన్ లాగితే అది అక్రమ వాడకం కింద లెక్క, జరిమానా పడుతుంది. ఇంటికి వేరే మీటరు ఉండాలి. ఏ కేటగిరీ కిందికి వస్తుందో కరెంటాఫీసులో ముందే అడిగి తెలుసుకోండి.

రైతు ఇంట్లో పురుగు మందు డబ్బాలు అటక మీదో, మంచం కిందో ఉండడం మామూలే. బృందం రాకముందే వాటిని వేరే చోటికి మార్చి తాళం వేయండి. మందు కొట్టిన చేలోకి పిల్లల్ని పోనివ్వకండి. పట్నం పిల్లలు ఎర్రటి టమోటా కనబడితే కోసుకుని కడగకుండా తినేస్తారు. డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా కాయ కోయకూడదని మీకు తెలుసు, వాళ్లకు తెలియదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం నీటి కుంట. ప్లాస్టిక్ షీటు పరిచిన సేద్యపు కుంటలో జారిపడితే ఈత వచ్చినవాడు కూడా పైకి ఎక్కలేడు, షీటు మీద కాలు నిలవదు. కుంట చుట్టూ కంచె వేయండి. ముడులు వేసిన తాడు ఒకటి గట్టున గుంజకు కట్టి నీళ్లలోకి వదలండి. పాడుబడిన బావి, మూత లేని బోరు గుంత ఉంటే అవి మూసేదాకా ఒక్క బృందాన్నీ రానివ్వకండి. తాగి నీళ్లలో దిగకూడదని ముందే చెప్పండి. చెప్పినా విననివాళ్లకు మిగతా డబ్బు తిరిగిచ్చి పంపేయండి. ప్రాణం పోతే తొమ్మిది వేలు ఎవరికి కావాలి?

కాగితం మీద పెట్టండి

నోటి మాట మీద ఇల్లు ఇవ్వకండి. ఒక నోటుబుక్కు పెట్టుకుని, వచ్చినవాళ్ల పేరు, ఊరు, ఫోను, గుర్తింపు కార్డు వివరం, కారు నంబరు రాసుకోండి. ఎంతమంది, ఎన్ని రాత్రులు, ఎంత బాడుగ, ఏ వేళకు ఖాళీ చేయాలి, ఏదైనా పగిలితే ఎవరు కట్టాలి – ఇవి ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. సగం డబ్బు ముందే తీసుకోండి. రాకపోతే ఎంత తిరిగిస్తారో అదీ రాయండి. వచ్చినవాళ్ల కులం, మతం అడగకండి. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి తెలపాలి, ఇది ఒక్క గది ఇచ్చినవాళ్లకూ వర్తిస్తుంది.

కేంద్ర పర్యాటక శాఖకు ఇళ్లను నమోదు చేసుకునే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం ఉంది. ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఇవ్వొచ్చు, యజమాని కుటుంబం అదే చోట కాపురం ఉండాలి. ఇంకో సంగతి. సేద్యం రాబడికి ఆదాయపు పన్ను లేదు గాని, ఇంటి బాడుగ సేద్యం కిందికి రాదు. లెక్క విడిగా రాసుకోండి.

పొలం అడిగితే ఏం చెప్పాలి?

రెండు మూడు సెలవులు బాగా గడిచాక ఎవరో ఒకరు కారులో వస్తారు. "ఇల్లెందుకప్పా, నీ రెండెకరాలూ ఇరవై ఏళ్లకు లీజుకియ్యి, రిసార్టు కడతాం, నెలనెలా డబ్బిస్తాం" అంటారు. ఇక్కడే జాగ్రత్త పడాలి.

ఏడాదికి మించిన లీజు ఏదైనా రిజిస్టరు కావాలి. తెల్ల కాగితం మీద రాసుకున్నది కోర్టులో నిలవదు. మీది డి.కె.టి. పట్టా అయితే మరీ ప్రమాదం. అసైన్డు భూముల మీద 1977 నాటి చట్టం ఉంది, అందులో లీజు కూడా బదిలీ కిందే లెక్క. 2023లో సవరణ జరిగింది గాని, మీ సర్వే నంబరుకు అది వర్తిస్తుందో లేదో తహసీల్దారు కార్యాలయంలో అడగకుండా సంతకం పెట్టకండి. పాసుపుస్తకం అసలు ఎవరి చేతికీ ఇవ్వకండి. వాళ్లు కాంక్రీటు పోసి, బోర్లు వేసి, మూడేళ్లకు నష్టమొచ్చి వెళ్లిపోతే ఆ నేలలో మళ్లీ మడక సాగదు.

ఇల్లు బాడుగకిస్తే సోమవారం పొద్దున మళ్లీ మీదే. పొలం ఇస్తే మీ పిల్లల కాలానికైనా తిరిగొస్తుందో లేదో!

ఇటలీలో 1985లోనే దీనికి చట్టం చేశారు. రైతు తన ఇంట్లో అతిథులను పెట్టుకోవచ్చు, కానీ సేద్యమే ముఖ్యమైన పనిగా ఉండాలని అందులో రాసుకున్నారు. మహారాష్ట్రలో బారామతి దగ్గర 2005 నుంచి రైతులు ఈ పని చేస్తున్నారు. ఆ రాష్ట్రం 2020లో సేద్య పర్యాటకానికి ప్రత్యేక విధానం ప్రకటించింది. అక్కడా ఇక్కడా సూత్రం ఒకటే. పొలం ఉంటేనే చుట్టం వస్తాడు. పొలం పోతే మీ ఇల్లు మామూలు లాడ్జి.

పుంగనూరు, కుప్పం రైతులకు

పుంగనూరు వైపు కొండ దూరమైనా మీకొక ఆకర్షణ ఉంది. పొట్టి పుంగనూరు ఆవును చూడాలని దేశమంతా ఆశపడుతోంది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఈ జాతిని కాపాడే పని చేస్తోంది. మీ కొట్టంలో నిజమైన జాతి ఆవు ఉంటే పిల్లలున్న బృందాలు వెతుక్కుంటూ వస్తాయి. లేకపోతే ఏదో ఒక పొట్టి ఆవును చూపించి అదే ఇది అనకండి.

కుప్పానికి బెంగుళూరు నుంచి నేరుగా రైలుంది. పలమనేరు దారిలో కైగల్ జలపాతం ఉంది. అయితే కౌండిన్య అభయారణ్యం పక్క పల్లెల్లో ఏనుగుల భయం ఉంది. అడవి అంచున ఉన్న పొలం ఇంట్లో రాత్రి బసకు ఒప్పుకోకండి, ఊరి నడుమ ఇల్లు చూపండి. చీకటి పడ్డాక బయట తిరగవద్దని, ఏనుగు కనబడితే ఫోటోలకు పోవద్దని గట్టిగా చెప్పండి.

ఈ ఆదివారం చేయదగ్గ పని ఒకటుంది. ఖాళీ ఇంటి తాళం తీసి మీరు, మీ ఇంటావిడ ఒక రాత్రి అక్కడే పడుకుని చూడండి. నీళ్లు వస్తున్నాయా, కప్పు కారుతోందా, దోమలున్నాయా, మరుగుదొడ్డి ఎలా ఉంది? మీకు నిద్రపట్టిన ఇంట్లోనే చుట్టానికీ నిద్రపడుతుంది. మరమ్మతులకు ఎంతవుతుందో రాసుకోండి. అప్పు లేకుండా అయ్యేదుంటే మొదలుపెట్టండి. కాకపోతే వచ్చే పంట దాకా ఆగండి. కొండ ఎక్కడికీ పోదు.