రాకెట్ లాంటి వ్యాగనా.. రోడ్డు మీద ఆగని బండా?

మే నెల, శనివారం మధ్యాహ్నం. డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్లే ఐ-35 హైవే మీద ఉన్నాం. పక్క సీట్లో నాన్న, వెనక సీట్లో అమ్మ, డిక్కీలో పులిహోర డబ్బా. హిల్స్‌బరో దాటామో లేదో డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగి ‘టింగ్ టింగ్’ మని గంట మొదలైంది.

‘ఏంట్రా ఆ గంట?’ అన్నారు నాన్న.

నేను జవాబు చెప్పేలోపే ఇంజన్ పవర్ పోయింది. ఎలాగోలా రోడ్డు పక్కకి లాగి ఆపా. బయట ఎండ మన రెంటచింతల ఎండలా మాడ్చేస్తోంది. ఏసీ లేదు. అమ్మ బీపీ టాబ్లెట్ల కోసం బ్యాగ్ వెతుక్కుంటోంది. నాన్న మాత్రం కిందికి దిగి, బానెట్ ఎత్తమని, లోపలికి ఓ నిమిషం చూసి ఒకే మాట అన్నారు: ‘దీంట్లో చెయ్యి పట్టే సందే లేదేంట్రా!’

ఆయన 31 ఏళ్లు ఆర్టీసీలో డ్రైవర్. నరసరావుపేట నుంచి శ్రీశైలం దాకా బస్సు నడిపిన మనిషి. అలాంటాయన్ని కొడుకు కారు హైవే మీద నిలబెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంతకీ ఆ కారేంటంటే, ఓ యూరోపియన్ కంపెనీ టర్బో వ్యాగన్. పేరు చెప్పను. ఎందుకంటే ఇందులో కంపెనీ తప్పు కన్నా, లెక్కలు చూడకుండా కొన్న నా తప్పే ఎక్కువ.

అసలేంటీ వ్యాగన్ పిచ్చి?

వ్యాగన్ అనగానే మనకి గుర్తొచ్చేది వ్యాగన్ఆర్. అది కాదు. సెడాన్ తీసుకుని, దాని పైకప్పుని వెనక దాకా పొడిగిస్తే వచ్చేదే స్టేషన్ వ్యాగన్. బ్రిటన్‌లో ఎస్టేట్ అంటారు, జర్మనీలో కోంబీ అంటారు. మన దేశంలోనూ టాటా ఎస్టేట్, మారుతి బెలెనో ఆల్టురా, స్కోడా ఆక్టేవియా కోంబీ వచ్చాయి. జనం పెద్దగా పట్టించుకోలేదు. నా కారు ఫొటో మొదటిసారి వాట్సాప్‌లో పెట్టినప్పుడు మా పిన్ని అడిగింది: ‘అంబులెన్స్ కొన్నావేంట్రా?’

అయితే ఇందులో ఒక కిటుకుంది. ఎస్‌యూవీ ఎత్తుగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో ఓ పక్కకి ఒరుగుతుంది. వ్యాగన్ ఎత్తు సెడాన్ అంతే. బరువంతా కిందే ఉంటుంది కాబట్టి రోడ్డుని పట్టుకుని తిరుగుతుంది. పైగా సామాను ఎస్‌యూవీలో పట్టినంతా పడుతుంది. అలాంటి బాడీలో స్పోర్ట్స్ కారు ఇంజన్ పెడితే? అదే పెర్ఫార్మెన్స్ వ్యాగన్. చూడ్డానికి కూరగాయలకి వెళ్లే బండిలా ఉంటుంది, సిగ్నల్ పడితే పక్కనున్న స్పోర్ట్స్ కారు డ్రైవర్ మొహం మాడిపోతుంది.

ఈ సరదాని బాగా పాపులర్ చేసింది 1994లో వచ్చిన ఆడి ఆర్ఎస్ 2 అవాంట్. పోర్షేతో కలిసి తయారుచేశారు. ఐదు సిలిండర్లు, 2.2 లీటర్ల టర్బో ఇంజన్, 315 హార్స్‌పవర్. అదే ఏడాది వోల్వో ఏకంగా తన 850 ఎస్టేట్‌ని బ్రిటిష్ టూరింగ్ కార్ రేసుల్లోకి దింపింది. మిగతా వాళ్లంతా సెడాన్లతో పరిగెడుతుంటే మధ్యలో రెండు ఫ్యామిలీ బండ్లు! కప్పులేమీ కొట్టలేదు కానీ ఆ ఫొటోలు ఇప్పటికీ కారు పిచ్చోళ్ల వాల్‌పేపర్లే.

కలల లిస్టు, జేబు లిస్టు

మా గ్యాంగ్‌లో ముగ్గురం. నేను, వరంగల్ నుంచి వచ్చిన నా పాత రూమ్మేట్, ఇంకా అందరం ‘అన్న’ అని పిలిచే గుంటూరాయన. శనివారం పొద్దున్నే ఇడ్లీ తిని, రెండు గంటలు కార్ల గురించి కొట్టుకోవడం మా హాబీ.

కలల లిస్టు అందరిదీ ఒకటే. ఆడి ఆర్ఎస్ 6 అవాంట్: 4 లీటర్ల ట్విన్ టర్బో వీ8, సీట్లు మడవకుండానే 565 లీటర్ల డిక్కీ. ఏళ్లపాటు అమెరికాకి పంపకుండా ఊరించి, చివరికి 2021 మోడల్‌తో ఇక్కడికి తెచ్చారు. ఇంకోటి బీఎండబ్ల్యూ ఎం5 టూరింగ్: 700 హార్స్‌పవర్ పైనే, హైబ్రిడ్, బరువు దాదాపు రెండున్నర టన్నులు. రెండూ కొత్తవి కొనాలంటే 1,20,000 డాలర్లు దాటుతాయి. మన రూపాయల్లో కోటి పైమాటే. నరసరావుపేటలో ఇల్లు కొనేయొచ్చు.

జేబు లిస్టు వేరు. అక్కడే అసలు గొడవ మొదలవుతుంది.

రూమ్మేట్ ఓటు 2004-07 మధ్య వచ్చిన వోల్వో వీ70 ఆర్‌కి. 300 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ పవర్, ఆరు గేర్ల మాన్యువల్. ‘గింత తక్కువ పైసలకు గింత బండి ఏడ దొరుకుతది?’ అంటాడు. నిజమే. కానీ ఆ కారులోని ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు పోతే, వాటి రేటు వినగానే కారు రేటు గుర్తొస్తుంది.

అన్న ఓటు లెక్సస్ ఐఎస్ 300 స్పోర్ట్‌క్రాస్‌కి. 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, 215 హార్స్‌పవర్. టొయోటా సుప్రాలో పేరు మోగిపోయిన 2జేజెడ్ కుటుంబమే, కాకపోతే టర్బో లేనిది. ఆయిల్ మారుస్తూ పోతే ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుందని పేరు. మైనస్ ఏంటంటే ఆటోమేటిక్ మాత్రమే వస్తుంది. పైగా అన్నీ ఇరవై ఏళ్లు దాటిన బండ్లు. ఇంజన్ బాగున్నా రబ్బరు బుష్షులు, హోసులు వయసుతో పాటు పోతాయి.

నేను వీళ్లిద్దరి మాటా వినలేదు. నాకు కొత్తగా కనబడాలి, స్పీడుగా పోవాలి, చవగ్గా రావాలి. గతేడాది ఫిబ్రవరిలో 82,000 మైళ్లు తిరిగిన వ్యాగన్ 14,500 డాలర్లకి కనబడింది. దానికోసం చిన్న కంప్లయింట్ కూడా లేని నా పాత కరోలాని అమ్మేశా. కొనేముందు బయటి మెకానిక్‌తో చెక్ కూడా చేయించలేదు. ‘టెస్ట్ డ్రైవ్‌లో సూపర్‌గా లాగింది కదా’ అనుకున్నా. కోడ్‌ని టెస్ట్ చేయకుండా శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో పెడితే ఏమవుతుందో తెలిసిన వాణ్ని. కారు విషయంలో అదే చేశా.

ఒక్కో డ్రైవ్‌కి వెయ్యి డాలర్లు

హైవే మీద ఆగిన రోజు మమ్మల్ని తీసుకెళ్లడానికి డాలస్ నుంచి వచ్చింది అన్న. గంటంబావులో వచ్చాడు. ఏ బండిలో? టొయోటా ఆర్‌ఏవీ4 హైబ్రిడ్‌లో! ‘దాన్ని నడపడం కన్నా ఫ్రిజ్ తోసుకుంటూ పోవడం నయం’ అని నేను వెక్కిరించిన అదే బండి. అమ్మ అందులో కూర్చుని, ఏసీ తగలగానే ‘ఇదీ బండంటే’ అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా.

సోమవారం మెకానిక్ ఫోన్ చేసి రిపేరుకి 3,400 డాలర్లవుతుందన్నాడు. సరిగ్గా ఆ వారమే మా టీమ్‌లో ఇద్దరికి లేఆఫ్. మాలాంటి హెచ్1బీ వాళ్లకి ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువు. ఆలోపు ఇంకో కంపెనీ స్పాన్సర్ చెయ్యకపోతే, వీసా మార్చుకునే దారీ లేకపోతే, పెట్టే సర్దుకోవాలి. చేతిలో ఉన్న డబ్బే ఊపిరి. ఆ రాత్రి ఎక్సెల్ షీట్ ఓపెన్ చేశా.

టైర్లకి 900. కూలెంట్ లీకుకి 1,150. సస్పెన్షన్ ఆర్మ్‌లకి 780. ఇప్పుడు 3,400. మొత్తం 6,230 డాలర్లు. రిపేరు చేయించి జూన్‌లో అమ్మేస్తే వచ్చింది 9,800. అంటే కారు ధరలో పోయింది 4,700. రెండూ కలిపితే 10,930. పదహారు నెలలకి పంచితే నెలకి 680 డాలర్ల పైన. ప్రీమియం పెట్రోలు, ఇన్సూరెన్స్ ఇందులో లేవు.

తర్వాత ఇంకో కాలమ్ పెట్టా: ‘నిజంగా ఎంజాయ్ చేసిన డ్రైవ్‌లు’. గూగుల్ ఫొటోస్ తిరగేసి మరీ లెక్కపెట్టా. పదకొండు. డాలస్ చుట్టూ రోడ్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. మలుపులు కావాలంటే హిల్ కంట్రీకి వెళ్లాలి, లేదా ఓక్లహోమా వైపు తాలిమీనా రోడ్డుకి వెళ్లాలి. మిగతా రోజులన్నీ ఆఫీసుకి, ఇండియన్ స్టోర్‌కి, గుడికి. ఆ ట్రాఫిక్‌లో 300 హార్స్‌పవర్ అయినా, 150 అయినా ముందున్న బండి కదిలితేనే మనం కదిలేది. పదకొండు డ్రైవ్‌లకి 10,930 డాలర్లు. ఒక్కోటీ వెయ్యి.

నాన్న మూడు ప్రశ్నలు

ఆ షీట్ నాన్నకి చూపించా. తిడతారనుకున్నా, తిట్టలేదు. ‘మా డిపోలో కొత్త బస్సు వస్తే డ్రైవర్లంతా దాని పికప్ గురించే మాట్లాడుకునేవాళ్లం. గ్యారేజీ వాళ్లు మాత్రం మూడే అడిగేవాళ్లు’ అని చెప్పారు.

ఒకటి: సామాను దొరుకుతుందా? ఒకే రకం బస్సులు వంద ఉంటే ఒకదాని పార్టు ఇంకోదానికి వేయొచ్చు. ఒకటే ఉంటే అది మూలన పడాల్సిందే.

రెండు: దాని గురించి తెలిసిన మేస్త్రీ దగ్గర్లో ఉన్నాడా?

మూడు: ఆగిపోతే వెంటనే వేయడానికి స్పేర్ బస్సు ఉందా?

నా కారుకి ఈ మూడింట్లోనూ సున్నా. అరుదైన మోడల్, డీలర్ దగ్గర తప్ప తెలిసినవాళ్లు లేరు, స్పేర్‌గా ఉండాల్సిన కరోలాని నేనే అమ్మేశా.

‘అంటే క్యామ్రీ కొనమంటారా?’ అన్నా నీరసంగా.

‘కొనుక్కో, వద్దన్నానా? కానీ నీకు నడపడం ఇష్టం కదరా. ఇష్టం లేని బండి కొంటే రెండేళ్లకి మళ్లీ మారుస్తావు. అదీ ఖర్చేగా’ అన్నారు. కేఎంపీఎల్ తగ్గితే రాత్రంతా నిద్రపోని మనిషి ఆ మాట అంటారని నేను ఊహించలేదు.

చివరికి ఏం కొన్నానంటే..

ఈసారి రూల్స్ పెట్టుకున్నా. ఆరు నెలల ఖర్చుల డబ్బు ముట్టుకోకూడదు. కారు ధరలో పదిహేను శాతం పక్కన పెట్టాలి, అది రిపేర్ల కోసమే. సర్వీస్ రసీదులు లేని కారు వద్దు. అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్ లిఫ్ట్ మీద పెట్టి చూడాల్సిందే. దానికయ్యే రెండొందల డాలర్లు దండగ కాదు, అదే అసలైన ఇన్సూరెన్స్.

ఆగస్టులో 2017 ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ స్పోర్ట్‌వ్యాగన్ దొరికింది. 1.8 లీటర్ల టర్బో, 170 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ పవర్, ఆరు గేర్ల మాన్యువల్. పెర్ఫార్మెన్స్ వ్యాగన్ అంటే రూమ్మేట్ నవ్వుతాడు. నవ్వనీ. మామూలు గోల్ఫ్‌తో చాలా పార్టులు కలుస్తాయి కాబట్టి సామాను తేలిగ్గా దొరుకుతుంది. మా ఏరియాలో ఈ బండ్లే చూసే ఇండిపెండెంట్ మెకానిక్‌లు ఇద్దరున్నారు. ఇదేదో టొయోటా అని చెప్పను. ఈ ఇంజన్లలో వాటర్ పంప్ లీకులు బాగా తెలిసిన సంగతే. అందుకే కొనేముందే కూలింగ్ సిస్టమ్‌ని ప్రెషర్ టెస్ట్ చేయించా. మూడో ప్రశ్నకి జవాబు అన్న ఇచ్చాడు: ‘ఆగితే ఫోన్ కొట్టు, ఫ్రిజ్ తోసుకుంటూ వస్తా.’

మీరూ ఇలాంటి బండి చూస్తుంటే నేను చెప్పేది ఒక్కటే. ‘ఫాస్టా, నమ్మకమైనదా’ అన్నది అసలు ప్రశ్న కాదు. ఇది ఆగిపోయిన రోజు మీ జీవితంలో ఇంకేం ఆగిపోతుంది? రెండో కారుండి, ఉద్యోగం గట్టిగా ఉండి, రిపేరు బిల్లు చూసి నవ్వుకోగలిగితే వీ70 ఆర్ కూడా కొనండి, నాకో రైడ్ ఇవ్వండి. ఇంట్లో ఉన్నదొక్కటే బండి అయితే స్పీడు కొంచెం తగ్గించుకోండి. మలుపులో మజా ఇచ్చేది హార్స్‌పవర్ ఒక్కటే కాదు. తక్కువ పవర్ బండిని పూర్తిగా వాడుకోవడంలో ఉన్న కిక్, ఎక్కువ పవర్ బండిని ట్రాఫిక్‌లో అణిచిపెట్టుకోవడంలో ఉండదు.

అక్టోబర్‌లో అమ్మానాన్న తిరిగి వెళ్లే ముందు తాలిమీనా రోడ్డుకి తీసుకెళ్లా. ఓక్లహోమా నుంచి ఆర్కాన్సా దాకా కొండ శిఖరాల మీదుగా 54 మైళ్లు. ఆకులన్నీ ఎర్రబడుతున్నాయి. అమ్మ వెనక నిద్రపోతోంది. నాన్న మాట్లాడకుండా రోడ్డే చూస్తున్నారు. మలుపు ముందు నేను గేర్ తగ్గించినప్పుడల్లా, పక్క సీట్లో ఆయన ఎడమ కాలు కూడా కిందికి నొక్కుతోంది. లేని క్లచ్ మీద.

‘దోర్నాల ఘాట్ ముందు ఇదెంత’ అన్నారు కాసేపటికి. ఇంకో రెండు మలుపులు దాటాక మెల్లగా అన్నారు: ‘పర్లేదురా, బండి బాగానే తిరుగుతోంది. ఇంకొంచెం ముందే మూడో గేర్ వెయ్యి.’

వేశా.